తొమ్మిది ఆకుపచ్చ ఓట్లు

"ముందు నా వేళ్లు చూడండి మేడమ్. చూశాక కూడా దొంగ అనాలనిపిస్తే అప్పుడనండి."

డోరీన్ నట్టల్ రెండు చేతులనూ విచారణ గది బల్ల మీద చాపింది. బ్యాంకు కౌంటరు వెనుక ఇరవై ఏళ్లకు పైగా నోట్లు లెక్కపెట్టిన వేళ్లవి. గోళ్లు మొదలంటా కొరికి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ మార్తా ఎలర్బీ ఆ వేళ్లను చూసింది. పక్కనే కూర్చున్న చీఫ్ ఇన్‌స్పెక్టర్ రూపర్ట్ సేజ్ గోడ గడియారాన్ని చూశాడు. జిల్లా ప్రధాన కార్యాలయం నుంచి ఆ ఉదయమే దిగిన ఆయన, సాయంత్రపు రైలు ఎక్కేలోగా ఈ కేసును మూటగట్టి చంకన పెట్టుకుపోవాలనే ఆత్రంలో ఉన్నాడు.

"చేతులు చూసి జాతకం చెప్పడానికి మేమేమన్నా సంతలో డేరా వేసుక్కూర్చున్నామా?" అన్నాడు సేజ్. "నీ వేళ్లు ఏం చేశాయో ఈ కాగితాలు చెబుతున్నాయి."

ఆయన బల్ల మీద పరచినవి తొమ్మిది ఓటు కాగితాల ఫొటోలు.

ఆష్‌మియర్ బరో కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు శుక్రవారం వెలువడ్డాయి. మిల్‌గేట్ వార్డు తప్ప తక్కినవన్నీ మధ్యాహ్నానికే తేలిపోయాయి. రెండు పక్షాలూ సమానంగా నిలిచాయి. మిల్‌గేట్‌లో ఇళ్లు కట్టే కాంట్రాక్టరు గోర్డన్ క్రాబ్‌ట్రీకి ఎన్ని ఓట్లో, మార్కెట్ హాలులో చేపలమ్మే జోన్ హెబ్డన్‌కూ సరిగ్గా అన్నే వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టారు, మూడోసారీ లెక్కపెట్టారు; త్రాసు ఏ పక్కకూ మొగ్గలేదు. అప్పుడు ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం మేయరుగారి పాత ముక్కోణపు టోపీని బల్ల మీద బోర్లించి దులిపి, అందులో ఇద్దరి పేర్లూ వేసి, ఎన్నికల అధికారి కళ్లు మూసుకుని చీటీ తీశాడు. క్రాబ్‌ట్రీ పేరు వచ్చింది. ఆ ఒక్క స్థానంతో కౌన్సిల్ ఆయన పక్షం చేతికి వెళ్లింది. రేపు సాయంత్రం జరిగే తొలి సమావేశంలో మార్కెట్ హాలు అమ్మకానికి చేతులెత్తడమే తరువాయి.

జోన్ హెబ్డన్ కోర్టుకెక్కింది. చెల్లవని పక్కన పెట్టిన ఓట్లను కోర్టు ఉత్తర్వుతో తెరిచి చూస్తే ఈ తొమ్మిదీ బయటపడ్డాయి. తొమ్మిదింటిలోనూ ఒకటే తీరు: హెబ్డన్ గడిలో ఆకుపచ్చ క్రేయాన్‌తో పెద్ద ఇంటూ గుర్తు, క్రాబ్‌ట్రీ గడిలో బూడిదరంగు పెన్సిల్ గీత. రెండు గడుల్లో గుర్తులుంటే ఓటు చెల్లదు. ఆ బూడిద గీతలు లేకపోతే జోన్‌కు టోపీతో పనే ఉండేది కాదు.

"ఈ తొమ్మిదీ మీ బల్ల మీదికే వచ్చాయా డోరీన్?" అని అడిగింది మార్తా.

"తొమ్మిదేంటి మేడమ్, ముప్పై దాకా వచ్చాయి, అన్నీ ఆకుపచ్చవే. ఇన్నేళ్లుగా ఎన్నికలొచ్చినప్పుడల్లా మా బ్యాంకు వాళ్లనే పిలుస్తారు లెక్కపెట్టడానికి. పెన్సిల్ చూశా, పెన్ను చూశా, ఒకసారి లిప్‌స్టిక్ కూడా చూశా. పిల్లలు బొమ్మలేసుకునే క్రేయాన్ మాత్రం చూళ్లేదు. చెల్లుద్దో చెల్లదో చెప్పడానికి నేనెవర్ని? తీసి అనుమానపు ట్రేలో పెట్టా."

"పెట్టేటప్పుడు ఒక్కోదాని మీద ఎన్ని గుర్తులున్నాయి?"

"ఒక్కటే. రెండుంటే ట్రే వేరు మేడమ్. రెండు గుర్తులవి ఎర్ర ట్రేలో పడాలి, నేను వేసింది పసుపు ట్రేలో. పైగా ఆ పొద్దంతా నా బొటనవేలికీ చూపుడువేలికీ రబ్బరు తొడుగులున్నాయి. ఇక పెన్సిల్ ఎక్కడ పట్టుకోను, పళ్లతోనా?"

"నీ మొగుడు క్రాబ్‌ట్రీ యార్డులో లారీ తోలతాడు కదూ?" అన్నాడు సేజ్.

"ఈ ఊళ్లో సగంమంది మొగుళ్లు ఆ యార్డులోనే తోలతారు సార్. మిగతా సగం ఆయన పీకేసినవాళ్లు."

మార్తా పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. "పసుపు ట్రే అధికారి బల్ల మీదికి వెళ్లాక ఏం జరిగింది?"

"ఎందుకు పక్కన పెట్టావో చెప్పమని నన్నూ పిలిచారు. అధికారి ఇటు కూర్చున్నారు, ఏజెంట్లు బల్లకి అటు నిలబడ్డారు. క్రాబ్‌ట్రీ గారి మనిషి చేతులు జేబుల్లో పెట్టుకుని చూయింగ్ గమ్ నమలడమే తప్ప నోరు విప్పలా. పాపం, జోన్ గారి తరఫున ఆ పెద్దాయన గ్రీన్‌వుడ్ గారే ఒక్కో కాగితానికీ పోట్లాడారు. 'ఇది మాది, ఇదీ మాదే, క్రేయాన్ అయితేనేం, ఓటరు మనసు తెలుస్తోంది కదా' అని వేలుపెట్టి చూపించి మరీ. చివరికి అధికారి క్రేయాన్ చెల్లుతుందన్నారు. హమ్మయ్య అనుకున్నానో లేదో, క్రాబ్‌ట్రీ మనిషి 'మరి కొన్నిటి మీద రెండేసి గుర్తులున్నాయే' అన్నాడు. చూద్దును కదా, ఉన్నాయి! "

"బాగా అల్లావు," అని సేజ్ లేచాడు. "రేపు పొద్దున కోర్టులో కూడా ఇంత వివరంగానూ చెప్పు."

డోరీన్ మార్తా వంకే చూసింది. "తీర్పు దాకా అక్కర్లేదు మేడమ్. నన్ను కోర్టు మెట్లు ఎక్కించారని తెలిస్తే చాలు, మధ్యాహ్నానికల్లా నా కుర్చీలో ఇంకోళ్లని కూర్చోబెడతారు. నోట్లు ముట్టుకునే వేళ్ల మీద ఒక్కసారి మచ్చ పడిందంటే ఇక ఏ బ్యాంకూ రానివ్వదు."

నడవలోకి రాగానే మార్తా దారికి అడ్డంగా నిలిచింది. "సార్, ఆ ఆకుపచ్చ కాగితాలన్నీ ఒకే పోలింగు కేంద్రానివి, మిల్‌గేట్ ప్రార్థన మందిరంలో పెట్టిన కేంద్రానివి. అక్కడి అధికారిణి మిస్ ఆర్మిటేజ్, లెక్కింపు అయిన మర్నాడే మందిరం మెట్ల మీంచి పడింది. ఇవి రెండూ వేర్వేరు సంగతులని మీరు నమ్ముతున్నారా?"

"డెబ్భై దాటిన ముసలామె, తడిసిన మెట్లు. నమ్మక ఏం చేయమంటావు?"

"ఈ సాయంత్రం దాకా టైమివ్వండి."

"నా రైలు ఆరింటికి. అప్పటిదాకా ఏ గోతులు తవ్వుకుంటావో తవ్వుకో ఎలర్బీ. ఏమీ దొరక్కపోతే ఆ అభియోగపత్రం మీద నా సంతకం కింద నీ సంతకం కూడా ఉంటుంది."

*

మిల్‌గేట్ ప్రార్థన మందిరం తలుపు తట్టకముందే తెరుచుకుంది. సంఘపెద్ద స్టాన్లీ గ్రీన్‌వుడ్ తాళపుచెవుల గుత్తితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మార్తాకు సండే స్కూల్లో అక్షరాలతో పాటు ప్రార్థనా నేర్పినవాడు. ఆమె తండ్రి పోయినప్పుడు శవపేటికకు ముందు భుజం ఇచ్చినవాడు. జోన్ హెబ్డన్‌కు ఎన్నికల ఏజెంటుగా నిలిచి, గెలుపు టోపీలోకి జారిపోతుంటే లెక్కింపు హాలులో కన్నీళ్లు పెట్టుకున్నవాడు కూడా ఆయనే. కోటుకు గుచ్చుకున్న, జోన్ పక్షపు గుర్తైన ఊదారంగు రిబ్బను పువ్వును ఇంకా తీయలేదు.

"రా తల్లీ, తడిసిపోయావు. టీ పెట్టాను. బకెట్లు చూసుకుని నడువు."

సండే స్కూలు గదిలో పైకప్పు కారుతున్న చోటల్లా బకెట్లు పెట్టి ఉన్నాయి. ఒక్కో బొట్టు పడినప్పుడల్లా ఒక్కో శ్రుతి. ఆ చప్పుడు మార్తా నరాల మీదనే పడుతున్నట్టుంది.

"ఇంకా బాగు చేయించలేదా బాబాయ్?"

"వేసవికల్లా అయిపోతుంది. ఇన్నేళ్లు మోకాళ్ల మీద అడిగాం కదా, ప్రభువు దారి చూపించాడు." ఆయన చక్కెర గిన్నె ఆమె వైపు జరిపాడు. "ఎనిడ్ ఎలా ఉంది?"

"మిస్ ఆర్మిటేజ్ పొద్దున కళ్లు తెరిచిందట. మాట ఇంకా రాలేదు. సాయంత్రానికి రావచ్చంటున్నారు."

గ్రీన్‌వుడ్ చేతిలోని కప్పు సాసరు మీద చిన్నగా మోగింది. "దేవుడికి స్తోత్రం," అన్నాడు.

"బాబాయ్, ఆ క్రేయాన్ల కథేంటి?"

"ఏముంది, పోలింగు చివరి గంటలో పెన్సిళ్ల మొనలన్నీ విరిగిపోయాయట. చెక్కుకోవడానికి చాకు లేదు. బీరువాలో పిల్లల క్రేయాన్లుంటే తీసి, పెన్సిళ్లు కట్టే దారాలకు కట్టింది. రాత్రి నేను తాళం వేస్తుంటే చెప్పి ఒకటే నవ్వు."

"పెన్సిళ్లు తీసేసిందా? లేక వాటి పక్కనే ఇవీ కట్టిందా?"

"అది నాకెలా తెలుస్తుంది తల్లీ? పక్కనే ఉంచిందేమో. ఎవరో తికమకపడి రెండిటితోనూ గీసుంటారు." ఆయన కండువా సర్దుకున్నాడు. "నేనోసారి ఆసుపత్రికి వెళ్లి రానా? నీ మనిషి నిన్న గుమ్మంలోంచే వెనక్కి పంపాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా తెలిసిన మొహం ఉంటే దానికి ధైర్యంగా ఉంటుంది. ముప్పై ఏళ్లు పక్క పక్కన కూర్చుని కీర్తనలు పాడినవాళ్లం."

వైద్యులు తప్ప ఎవరూ లోపలికి వెళ్లరాదని కట్టడి చేసింది మార్తాయే. కాని అడుగుతున్నవాడు పరాయివాడా? ఆమె మందిరపు ఆఫీసు గదిలోని ఫోను తీసి, ఆసుపత్రి వార్డు బయట కాపలా ఉన్న కానిస్టేబుల్ వింటర్‌ను పిలిపించింది. "గ్రీన్‌వుడ్ గారు వస్తున్నారు. నేను పంపానని లోపలికి వెళ్లనివ్వు."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి దీవించి, వానలోకి వెళ్లిపోయాడు.

మార్తా పని మొదలుపెట్టింది. ఓటు వేసే చెక్క అరలు మూడూ ఇంకా గోడవారనే ఉన్నాయి. ఒక్కో అరకూ ఒక్కటే దారం, దాని కొసన ఆకుపచ్చ క్రేయాన్. దారం కొసన పెన్సిల్ నొక్కుకున్న మడత ఇంకా కనిపిస్తోంది. ఆ మడతలోనే క్రేయాన్ బిగించి ఉంది. పక్కన కట్టడం కాదు, పెన్సిల్ ఊడదీసి దాని చోటనే కట్టడం. అంటే చివరి గంటలో ఆ గదిలో ఓటరు చేతికి అందే పెన్సిల్ ఒక్కటీ లేదు. ఆ బూడిద గీతలు ఇక్కడ పడ్డవి కావు.

మరి ఊడదీసిన పెన్సిళ్లేవి?

బీరువాలో లేవు. చెత్తబుట్టలో లేవు. పై అంతస్తు గ్యాలరీకి ఎక్కే మెట్ల కింద, మిస్ ఆర్మిటేజ్ పడి ఉన్న చోట, కడిగిన రాయి తప్ప ఏమీ లేదు. ఆ మెట్ల పక్క కొక్కేనికి ఒక పాత నీలం కోటు వేలాడుతోంది. అది ఆమెదే. అంబులెన్సు వచ్చిన హడావుడిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. జేబులో చేయి పెడితే రుమాలు మూట తగిలింది. మూటలో రెండు పొట్టి పెన్సిళ్లు, మొనలు విరిగినవి. మూడోది పెన్సిల్ కాదు, పెన్సిల్ కళేబరం. కొయ్యను నిలువునా చీల్చి, లోపలి సీసపు పుల్లను ఎవరో ఊడబెరికారు. కొయ్య గాడిలో బూడిదరంగు పొడి మాత్రం మిగిలింది.

ముసలామె దీన్ని చూసింది. చూసి, దాచింది. ఎవరినో అడిగి కూడా ఉంటుంది.

"టీ పార్టీనా?" అన్న గొంతు వెనుక వినబడింది. సేజ్ గొడుగు దులుపుతూ లోపలికి వచ్చాడు. "రైల్వే స్టేషన్‌కి వెళ్తూ దారిలో ఆగాను. దొరికిందా నిధి?"

"దొరికింది సార్. క్రేయాన్ వాడినప్పుడు ఇక్కడ పెన్సిలే లేదు. ఆ గీతలు లెక్కింపు హాలులోనే పడ్డాయి."

"నేనూ అదే కదా అంటున్నాను! డోరీన్ గీసిందనేగా కేసు!"

"ఈ చీల్చిన పెన్సిల్ డోరీన్ చేతికెలా వెళ్తుంది? ఆమె ఈ గుమ్మం తొక్కలేదు. సీసపు పుల్ల విరిచి గోటి కింద ఇరికించుకుంటే పెన్సిల్ పట్టుకోనక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు. ఆమె గోళ్లు మీరూ చూశారు. ఇరికించడానికి గోరేది?"

సేజ్ ఆ కొయ్య ముక్కను తీసుకుని, చూపుడువేలి గోటితో గాడిని గీకి చూసి, పెదవి విరిచాడు. "పిల్లలు చీల్చారనుకో. బడే కదా ఇది. నీ ఊళ్లో నీకు కావలసినవాళ్లు చాలామంది ఉన్నారు ఎలర్బీ. అందుకే నీ చూపు ఎప్పుడూ అవతలివాడి మీదికే పోతుంది. క్రాబ్‌ట్రీ మనిషే చేశాడంటావు, అంతేనా?"

"అనే అనుకుంటున్నాను."

"చేతులు జేబుల్లో పెట్టుకున్నవాడా? నీ సాక్షే చెప్పింది!"

మార్తా బల్లకు ఇటు కూర్చుని, వెంట తెచ్చిన ఓట్ల ఫొటోలను తన ముందు పరచుకుంది. సేజ్ అటు నిలబడే ముందుకు వంగాడు.

"పోనీ నువ్వే చూడు. పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి, పైన క్రాబ్‌ట్రీ, కింద హెబ్డన్. వాళ్లు ఓటేసింది ఇదిగో, ఈ కింద గడిలో..." అని ఆకుపచ్చ ఇంటూ మీద వేలు ఆనించి, "...ఇందులో అనుమానమేముంది?" అంటూ చేయి వెనక్కి లాక్కున్నాడు.

మార్తా ఆ ఫొటో మీదికి వంగింది.

ఫొటో మీద, క్రాబ్‌ట్రీ గడిలో, అప్పటికే ఉన్న బూడిద గీత పక్కన, ఇంకో బూడిద గీత పడింది. అడుగున లావుగా మొదలై పైకి పోనుపోను సన్నబడింది. పాతదీ అలాంటిదే. తొమ్మిదీ అలాంటివే.

"కదలకండి సార్. మీ గోరు చూసుకోండి."

సేజ్ చూసుకున్నాడు. గోటి అంచున బూడిద పొడి. 

"అధికారి ఇటు కూర్చున్నాడు, నాలాగ. ఏజెంట్లు అటు, మీలాగ." మార్తా బల్లకు రెండు వైపులా వేలు చూపించింది. "అటు నిలబడ్డవాడు కింద గడిని చూపించి వేలు వెనక్కి తీసుకుంటే, ఆ వేలు పై గడి మీదుగానే పోవాలి. గీత తనంతట తనే పడుతుంది. ముప్పై కాగితాలు ఒకదాని వెంట ఒకటి కదులుతుంటే ఎవరి కంటా పడదు."

"కానీ జోన్ ఓట్లని వేలుపెట్టి చూపించే అవసరం క్రాబ్‌ట్రీ మనిషికేముంది?"

"లేదు." ఆమె లేచి నిలబడింది. "'ఇది మాది, ఇదీ మాదే' అన్నవాడికే ఉంది."

డోరీన్ జాలిపడి చెప్పిన మాటను తాను జాలిపడే విన్నది. ప్రతి కాగితానికీ పోట్లాడిన పెద్దాయన. క్రేయాన్ల సంగతి ఆ రాత్రే తెలిసినవాడు. అవి అనుమానపు ట్రేలోకి పోతాయనీ, ఏజెంట్ల ముందుకే వస్తాయనీ తెలిసినవాడు. ఈ గది తాళపుచెవి చేతిలో ఉన్నవాడు.

"ఎందుకు చేస్తాడు? తన అభ్యర్థినే?" అన్నాడు సేజ్, ఈసారి వెక్కిరింత లేకుండా.

మార్తా పెరటి తలుపు తెరిచింది. వానలో, ఒక పెద్ద టార్పాలిన్ కింద, పైకప్పుకు పరిచే కొత్త పలకరాళ్ల దొంతరలు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. టార్పాలిన్ మీద తెల్లని పెద్ద అక్షరాలు: క్రాబ్‌ట్రీ నిర్మాణాలు.

ప్రభువు దారి చూపించాడు. దేవుని ఇంటి కప్పు కోసం ఆ పెద్దమనిషి ఒక ఊరి తీర్పును అమ్మాడు. ఆ తర్వాత ఒక ముసలామె రుమాలు మూట విప్పి చూపించి, ఇదేమిటి స్టాన్లీ అని అడిగి ఉంటుంది. గ్యాలరీ మెట్ల మీద ఆమె వెనుక ఎవరు నిలబడ్డారో ఊహించడానికి ఇక మిగిలిందేమీ లేదు. మార్తాకు తన తల మీద ఆ అరచేతి వెచ్చదనం ఇంకా ఉన్నట్టే అనిపించింది.

"ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాడు సేజ్.

ఆమె అప్పటికే ఆఫీసు గదిలోకి పరుగెత్తింది. వార్డు ఫోను మోగింది, మోగింది. ఎవరో నర్సు ఎత్తి, వింటర్‌ను పిలవడానికి వెళ్లింది. మార్తా రిసీవరును చెవికి అదిమి పట్టుకుంది. బయట బకెట్లలో బొట్లు పడుతూనే ఉన్నాయి.

"మేడమ్?"

"వింటర్! గ్రీన్‌వుడ్ ఏడీ?"

"లోపలే ఉన్నారు మేడమ్. మీరు పంపమన్నారుగా. ఆ అమ్మగారు ఆయన్ని చూడగానే ఏదో అనబోయారు, మాట రాలేదు, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇద్దరం కాసేపు ప్రార్థన చేసుకుంటామని పెద్దాయన నర్సుని బయటికి పంపి తలుపేసుకున్నారు. నేను టోపీ తీసి బయటే నిలబడ్డాను."

"తలుపు తెరువు. ఇప్పుడే! ఫోను అక్కడే వదిలేసి పరుగెత్తు!"

రిసీవరు బల్లకు తగిలిన చప్పుడు. నడవలో బూట్ల చప్పుడు దూరమైంది. తరువాత తలుపు మీద పిడికిలి, ఒకసారి, రెండుసార్లు. ఆ వెంటనే భుజంతో గుద్దిన మోత. సేజ్ గుమ్మంలో నిలబడిపోయాడు, గొడుగు ఎక్కడ పడేశాడో ఆయనకే తెలియదు.

దూరం నుంచి వింటర్ కేక అస్పష్టంగా వినిపించింది.

"మేడమ్! లోపల మంచం అడ్డం జరిపాడు! తలుపు రావడం లేదు!"